‘లేడీస్ మోకాలు’ అని అడిగి పెట్టించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 63. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు పూర్తిగా అరిగిపోయిందనీ, కీళ్ల మార్పిడి తప్పదనీ చెప్పారు. మా వారికి నాకంటే తర్వాతే నొప్పి మొదలైంది, ఆయన ఆపరేషన్ మాత్రం మూడేళ్ల కిందటే అయిపోయింది. నాకు ఎనిమిదేళ్లుగా బరువు తగ్గండి, మాత్రలు వాడండి అంటూనే వచ్చారు. ఇప్పుడు ఒక సర్జన్ గారు ‘ఆడవాళ్ల కోసమే తయారుచేసిన ఇంప్లాంట్ ఉంది, అదే వేద్దాం’ అన్నారు. ఇంకొకాయన ‘అదంతా వ్యాపారమమ్మా, ఏదైనా ఒకటే’ అని నవ్వేశారు. ఎవరి మాట నమ్మాలి? ఇన్నాళ్లూ ఆడవాళ్లకు మగవాళ్ల కొలతల ముక్కలే పెట్టారా? మా అక్కకు తుంటి కీలు మార్చినప్పుడు ‘ఈ వయసు ఆడవాళ్ల ఎముక, సిమెంట్ వేయాల్సిందే’ అన్నారట. మా వారి స్నేహితుడికి సిమెంట్ లేకుండానే చేశారు. ఆ తేడా ఎందుకు? ఇంకొక చిన్న సందేహం. గిల్టు నగలు పెట్టుకుంటే నాకు చెవులు పుండ్లు పడతాయి. అలాంటిది ఒంట్లో అంత లోహం పెడితే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీరు లెక్కల టీచరు కావడంతో నా పని సగం తేలికైంది. ఈ గొడవంతా ఒక నిష్పత్తి దగ్గర మొదలైంది.

తొడ ఎముక కింది చివర, అంటే మోకాలి దగ్గర ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని రెండు రకాలుగా కొలుస్తాం. ముందు నుంచి వెనక్కి ఎంత ఉంది, ఈ పక్క నుంచి ఆ పక్కకి ఎంత ఉంది అని. ముందు-వెనక కొలత ఒకటే ఉన్న ఒక మగవాడి ఎముకనూ ఒక ఆడమనిషి ఎముకనూ పక్కపక్కన పెడితే, సగటున ఆడమనిషి ఎముక వెడల్పు కాస్త తక్కువ ఉంటుంది. కాస్త అంటే కొన్ని మిల్లీమీటర్లే. చెప్పుల షాపులో పొడవు సరిపోయిన చెప్పు వెడల్పు దగ్గర తేడా కొడుతుంది చూడండి, అలాంటిదే. చెప్పయితే వెనక్కి ఇచ్చేసి ఇంకో జత అడుగుతాం. మోకాలు తెరిచిపెట్టుకున్నాక ఆ వీలుండదు.

ఆ కొన్ని మిల్లీమీటర్లు ఏం చేస్తాయో ఆపరేషన్ టేబుల్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. తొడ ఎముక చివరను కోసి సరిచేశాక అసలు ఇంప్లాంట్‌ను వెంటనే బిగించం. అచ్చం అదే ఆకారంలో ఉండే ‘ట్రయల్’ ముక్కను ముందు తొడిగి చూస్తాం. నేనైతే అప్పుడు దాని అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పుతాను. ఎముకా లోహమూ ఒకే వరసలో ఉంటే వేలు ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. లోహం ఎముక దాటి బయటికి వచ్చిన చోట వేలికి చిన్న మెట్టు తగులుతుంది. రెండు మిల్లీమీటర్ల మెట్టు కూడా గ్లౌజులోంచి స్పష్టంగా తెలుస్తుంది. ఆ మెట్టు మీదుగా మోకాలు పక్కనున్న లిగమెంటూ (ఎముకలను కలిపి పట్టుకునే కట్టు), వెనక బయటివైపు నుంచి వచ్చే ఒక సన్నని స్నాయువూ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) మీరు వేసే ప్రతి అడుగుకీ రాసుకుంటూ పోతాయి. ఎక్స్‌రే తీస్తే ‘ఇంప్లాంట్ బ్రహ్మాండంగా ఉంది’ అంటారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం పక్కన పోటు పొడుస్తూనే ఉంటుంది.

‘అయితే ఒక సైజు తగ్గించి పెట్టొచ్చు కదా’ అని మీకు అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే. పాత ఇంప్లాంట్లలో సైజు తగ్గిస్తే వెడల్పు ఒక్కటే తగ్గదు, ముందు-వెనక కొలత కూడా తగ్గిపోతుంది. అప్పుడు ఆ చిన్న ముక్క పట్టేలా ఎముకను ఇంకా కోయాలి. వెనకవైపు ఎక్కువ కోస్తే, కాలు చాపినప్పుడు బిగువుగా ఉన్న కీలు మడిచినప్పుడు వదులైపోతుంది. కుర్చీలోంచి లేస్తుంటే మోకాలు జారినట్టుంటుంది. ముందువైపు ఎక్కువ కోస్తే తొడ ఎముక ముందు భాగంలో గాటు పడుతుంది, తర్వాత ఎప్పుడైనా కింద పడితే ఎముక అక్కడే విరిగే ప్రమాదం ఉంటుంది. పెద్ద సైజు పెడితే అంచు పొడుచుకొస్తుంది, చిన్న సైజు పెడితే కీలు వదులవుతుంది. ఏళ్ల తరబడి సర్జన్లు ఈ రెంటిలో తక్కువ చెడ్డదేదో చూసుకుని సర్దుకుపోయారు, ఆ సర్దుబాటు ఆడవాళ్ల మోకాళ్లలోనే ఎక్కువగా జరిగింది.

ఇది ఉత్తుత్తి అనుమానం కాదు. 437 మోకీళ్ల ఆపరేషన్లలో అంచుల కొలతలు తీసుకున్న ఒక అధ్యయనం 2010లో వచ్చింది. మూడు మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ లోహం ఎక్కడో ఒక చోట బయటికి రావడం మగవాళ్లలో 40 శాతం మందిలో కనిపిస్తే, ఆడవాళ్లలో 68 శాతం మందిలో కనిపించింది. అలా వచ్చినవాళ్లకు రెండేళ్ల తర్వాత కూడా చెప్పుకోదగ్గ నొప్పి ఉండే అవకాశం దాదాపు రెట్టింపు. మగవాళ్లలోనూ 40 శాతం ఉందని గమనించారా? ఆ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇక మీకు చెప్పిన ‘ఆడవాళ్ల ఇంప్లాంట్’ సంగతి. జిమ్మర్ అనే అమెరికన్ కంపెనీ తయారుచేసిన అలాంటి మోకీలుకు 2006లో అక్కడ మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అందులో మూడు మార్పులు చేశారు. ఒకటి, ఇప్పటిదాకా నేను చెప్పిన వెడల్పు తగ్గించడం. రెండు, మోకాలి చిప్ప వెనక ఆనే ముందు రేకును పలచగా చేయడం. ఆడవాళ్ల తొడ ఎముక ముందుభాగం అంత ఎత్తుగా ఉండదనీ, మందపు రేకు పెడితే చిప్ప దగ్గర కిక్కిరిసినట్టు అవుతుందనీ వాళ్ల వాదన. మూడు, మోకాలి చిప్ప జారే గాడిని కొద్దిగా ఏటవాలుగా పెట్టడం. ఆడవాళ్లకు కటి వెడల్పు ఎక్కువ కాబట్టి తొడ కండరం చిప్పను లాగే దిశ కాస్త పక్కకు ఉంటుందన్నది దీని వెనకున్న లెక్క.

చదవడానికి మూడూ బాగానే ఉన్నాయి. మొదటిదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మూడోదాని మీద మాత్రం అప్పటికే పేచీ ఉంది. ఆ కోణం ఆడవాళ్లలో ఎక్కువ ఉండే మాట నిజమే కానీ, ఎత్తును కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. అంటే పొట్టిగా ఉన్నవాళ్లలో కోణం ఎక్కువ, ఆడవాళ్లలో పొట్టివాళ్లు ఎక్కువ. ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకున్నారన్నమాట. లెక్కల టీచరుకు ఇలాంటి పొరపాటు గురించి నేను చెప్పేదేముంది!

ఇంతకూ ఆ మోకాలు పెట్టించుకున్నవాళ్లకు మేలు జరిగిందా? దీన్ని తేల్చడానికి కొరియాలో చేసిన పరీక్ష నాకు చాలా నచ్చుతుంది. రెండు మోకాళ్లూ మార్చాల్సిన 85 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక కాలికి మామూలు ఇంప్లాంట్, రెండో కాలికి ఆడవాళ్ల ఇంప్లాంట్ పెట్టారు. ఒకే మనిషి, ఒకే బరువు, ఒకే నడక; ఇంతకంటే న్యాయమైన పోటీ ఇంకేం ఉంటుంది? ఫలితం 2010లో వచ్చింది. నొప్పిలో గానీ, మోకాలు మడిచే కోణంలో గానీ, ఏ కాలు బాగుందని వాళ్లు చెప్పిన మాటలో గానీ తేడా కనిపించలేదు. తర్వాత వచ్చిన అధ్యయనాలు కూడా చాలావరకు ఇదే చెప్పాయి. మీతో ‘వ్యాపారమమ్మా’ అన్న డాక్టరు గారు బహుశా ఇవి చదివినవారే.

అంచు పొడుచుకొస్తే నొప్పి అని పైన నేనే చెప్పాను కదా, మరి అంచు సరిచేసినా తేడా ఎందుకు రాలేదు? నేను అర్థం చేసుకున్నది చెబుతాను. ఆడవాళ్ల ఎముక అనేది ఒక ఆకారం కాదు. సన్నటి ఎముకలున్న మగవాళ్లున్నారు, వెడల్పాటి ఎముకలున్న ఆడవాళ్లున్నారు. రెండు వర్గాల కొలతలనూ గ్రాఫు గీస్తే గుడిగంట ఆకారంలో ఉండే రెండు వంపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, శిఖరాలు మాత్రం కాస్త ఎడంగా ఉంటాయి. మామూలు ఇంప్లాంట్ బాగానే పట్టే ఆడవాళ్లకు కూడా సన్నటిది పెడితే వాళ్లకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. నిజంగా ఇరుకు ఎముక ఉన్నవాళ్లకు జరిగిన మేలు ఆ సగటులో కలిసి కనిపించకుండా పోతుంది. అందుకే పైన ఆ 40 శాతం గుర్తుపెట్టుకోమన్నాను. అంచు పొడుచుకొచ్చిన మగవాళ్లకూ సన్న ముక్క కావాలి, పెట్టె మీద ‘ఆడవాళ్లకు’ అని రాసి ఉంటే వాళ్లకు అది ఎవరు వేస్తారు?

పైగా మోకాలి మార్పిడి తర్వాత మిగిలే నొప్పికి అంచు ఒక్కటే కారణం కాదు. లిగమెంట్ల బిగువు సమంగా లేకపోవడం, ముక్క కొద్దిగా మెలితిరిగి కూర్చోవడం, తొడ కండరం నీరసించి ఉండడం, తుంటి నుంచో నడుము నుంచో వచ్చే నొప్పిని మోకాలిదనుకోవడం, ఇలా చాలా ఉంటాయి. చేయించుకున్నవాళ్లలో అయిదుగురికి ఒకరు పూర్తిగా సంతృప్తిగా లేరని తరచూ చెప్పే లెక్క. ఆ ఒక్కరిలో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు.

అయితే ఆ 2006 నాటి హడావుడి వృథా పోలేదు. సైజులు చాలడం లేదన్న సంగతి అందరి చెవినా పడింది. ఆ తర్వాత వచ్చిన ఇంప్లాంట్లలో చాలా కంపెనీలు ‘లేడీస్’ అన్న ముద్ర పక్కన పెట్టి, ముందు-వెనక కొలత ఒకటే ఉంచి వెడల్పులో ‘స్టాండర్డ్’ (మామూలుది), ‘నారో’ (సన్నది) అని రెండు రకాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. సైజుకీ సైజుకీ మధ్య ఉండే ఎడం కూడా కొన్నిటిలో రెండు మిల్లీమీటర్లకు తగ్గింది. కింది ఎముక మీద కూర్చునే పళ్లెం కూడా కొన్నిటిలో ఎడమకు ఒకలా, కుడికి ఒకలా వస్తోంది. ఇప్పుడు టేబుల్ దగ్గర వేలికి మెట్టు తగిలితే సైజు తగ్గించకుండానే సన్న ముక్క అడుగుతాను. ఆ కాలు ఆడమనిషిదా మగవాడిదా అన్న ప్రశ్నే అక్కడ రాదు.

కాబట్టి మీ ఇద్దరు డాక్టర్లదీ చెరి సగం నిజం. ‘లేడీస్ ఇంప్లాంటే కావాలి’ అని పట్టుబట్టకండి. ‘మీరు వాడే ఇంప్లాంట్‌లో చిన్న సైజులు ఎందాకా ఉన్నాయి? నారో ముక్క ఉందా? ఆపరేషన్ రోజు అది దగ్గర ఉంచుతారా?’ అని అడగండి. మీ ఎత్తుకు ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు, చాలా అవసరమైన ప్రశ్న. మీ ఎముకలు ఆ సైజుల పట్టికలో చిన్న చివరన ఉంటాయి, సైజులు తక్కువపడేది ఎప్పుడూ చివర్లలోనే. నేనూ మీ ఎత్తుదాన్నే. థియేటర్లో స్టూలెక్కి నిలబడి ఆపరేషన్లు చేస్తూ వచ్చాను, నా చేతికి సరిగ్గా పట్టే రంపం పిడి ఇంతవరకూ దొరకలేదు. మనలాంటివాళ్లను ఎవరూ కావాలని వదిలేయరు, లెక్కలోకి రామంతే.

‘మగవాళ్ల కొలతల ముక్కలే పెట్టారా’ అన్నదానికి సూటిగా చెప్పాలంటే, అంత ఆలోచన కూడా చేయలేదు. ఇవాళ్టి మోకీళ్లకు తాత లాంటి ఇంప్లాంట్‌ను 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో వాడడం మొదలుపెట్టారు. అప్పటి తొడ ముక్కకు ఎడమ, కుడి అన్న తేడా కూడా లేదు. లోహాన్ని ఎముకకు అంటించి నిలబెట్టడం, పదేళ్లపాటు ఊడకుండా చూడడం, ఇన్‌ఫెక్షన్ రాకుండా కాచుకోవడం, ఇవే వాళ్లకు తలకు మించిన పని. ఆడా మగా ఎముకలన్నీ కలిపి సగటు తీస్తే ఎవరికీ సరిగ్గా పట్టని మధ్యస్థం ఒకటి వచ్చింది. తమాషా ఏమిటంటే మోకీలు మార్పిడి చేయించుకునేవాళ్లలో ఎక్కువమంది, చాలా దేశాల్లో పదిమందికి ఆరుగురి దాకా, ఆడవాళ్లే. వాడేవాళ్లలో ఎక్కువమంది ఎవరో తెలిసి కూడా వాళ్ల కొలతల గురించి మాట్లాడడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఇంకో మాట. మోకాలి విషయంలో ఇంత చర్చ జరిగినా, ఇంప్లాంట్ పాడై మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం ఆడవాళ్లలో ఎక్కువేమీ కాదు. స్వీడన్ 1975 నుంచీ మార్చిన మోకీళ్లన్నిటికీ రిజిస్టరు రాస్తోంది, తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. ఆ రిజిస్టర్లలో ఇన్‌ఫెక్షన్ వల్ల రెండోసారి తెరవాల్సి వచ్చేది మగవాళ్లకే ఎక్కువ. కాబట్టి భయపడకండి.

ఆడవాళ్లకు నిజంగా దెబ్బ తగిలింది తుంటి కీలులో, అదీ ఎవరూ ‘ఆడవాళ్ల ఇంప్లాంట్’ అని ప్రకటనలు ఇవ్వని చోట. లోహం మీద లోహం జారే తుంటి కీళ్లు 2000ల్లో బాగా ఊపందుకున్నాయి. పెద్ద బంతి, చుట్టూ పలచని లోహపు గిన్నె. ప్లాస్టిక్ ఉండదు కాబట్టి అరగదని, వయసులో ఉన్నవాళ్లకు మంచిదని పెట్టారు. బంతి పెద్దదిగా ఉన్నంతసేపూ గిన్నెకూ బంతికీ మధ్య ఒంట్లోని ద్రవం పొరలా నిలిచి లోహాలను కాస్త ఎడంగా ఉంచుతుంది. ఆడవాళ్ల తుంటి గుంట చిన్నది, కాబట్టి బంతీ చిన్నదే పట్టేది. చిన్న బంతిని గిన్నె కప్పే మేర తక్కువ. గిన్నె కాస్త నిటారుగా కూర్చుంటే చాలు, బరువంతా అంచు మీద పడి ఆ ద్రవపు పొర తెగిపోతుంది. అప్పుడు లోహం లోహాన్ని గీరుతుంది. కోబాల్ట్, క్రోమియం పొడి చుట్టూ ఉన్న కండరాన్ని తినేస్తుంది. 2010లో అలాంటి ఒక ఇంప్లాంట్‌ను కంపెనీయే ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. ఈ తరహాలో అన్నిటికంటే మంచి పేరున్న బర్మింగ్‌హామ్ హిప్ రీసర్ఫేసింగ్ (తుంటి బంతిని తీసేయకుండా దాని మీద లోహపు తొడుగు వేసే ఇంప్లాంట్) విషయంలో కూడా 2015లో తయారీదారే ముందుకొచ్చి చిన్న సైజులు ఆపేసి, ఆడవాళ్లకు ఇక వాడవద్దని చెప్పింది. మగవాళ్లలో బాగా పనిచేసిన డిజైనే అది. సైజు తగ్గిస్తే చాలు అదే డిజైన్ ఆడవాళ్లకూ నడుస్తుందని అనుకోవడంలోనే పొరపాటు జరిగింది.

మామూలు తుంటి మార్పిడిలో తేడా ఉంది గానీ చిన్నది. అమెరికాలో 35,140 మందిని పరిశీలించిన అధ్యయనం 2013లో వచ్చింది. ఇంప్లాంట్ విఫలమయ్యే ప్రమాదం ఆడవాళ్లలో 29 శాతం ఎక్కువ అని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది: అయిదేళ్ల తర్వాత కీలు బాగున్నవాళ్లు మగవాళ్లలో 97.7 శాతం, ఆడవాళ్లలో 97.1 శాతం. మొదటి అంకె వింటే గుండె జారుతుంది, రెండోది వింటే ఊపిరి తిరుగుతుంది. రెండూ ఒకే పేజీలోవే. శాతాల పాఠం చెప్పేటప్పుడు మీకు మంచి ఉదాహరణ.

మీ అక్కగారి సిమెంట్ విషయంలో ఆమె సర్జన్ సరైన పనే చేశారు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ల ఎముక మగవాళ్లదానికంటే వేగంగా గుల్లబారుతుంది. తొడ ఎముక లోపలి గొట్టం వెడల్పవుతుంది, గోడ పలచబడుతుంది. తుంటి ఇంప్లాంట్‌కు తొడ ఎముకలోకి దిగే కాడ ఒకటి ఉంటుంది. సిమెంట్ లేకపోతే దాన్ని ఆ గొట్టంలోకి సుత్తితో కొట్టి బిగించాలి. ముదురు కర్రలో మేకు దిగినట్టు దిగితే బాగుంటుంది. పలచబడ్డ గోడయితే బీట వేయవచ్చు, అప్పుడు కాకపోయినా కొన్నాళ్లకు విరగవచ్చు. సిమెంట్ ఆ ఖాళీని నింపి బరువును గోడంతటికీ సమంగా పంచుతుంది. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1960ల్లో తుంటి మార్పిడిని నిలబెట్టింది పళ్ల డాక్టర్లు వాడే యాక్రిలిక్ తరహా సిమెంట్‌తోనే. పాత పద్ధతి కాబట్టి తక్కువరకం అనుకోకండి. వయసు మళ్లిన ఆడవాళ్లకు కాడ దగ్గర అదే మేలని నేనూ నమ్ముతాను. గట్టి ఎముక ఉన్న నలభై అయిదేళ్ల ఆడమనిషికి సిమెంట్ లేకుండా చేయవచ్చు, ఎముక గుల్లబారిన ఎనభై ఏళ్ల మగవాడికి సిమెంట్ కావాల్సి రావచ్చు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు ప్రశ్నగా అడగని వాక్యం దగ్గరికి వస్తాను. మీ వారికి తర్వాత వచ్చిన నొప్పికి ముందు ఆపరేషన్ అయింది, మీకు ఎనిమిదేళ్లు ఆగమన్నారు. నాకు ఇంప్లాంట్ వెడల్పు కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది. కెనడాలో 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. మోకాలి అరుగుదల ఒకే స్థాయిలో ఉన్న ఒక మగ రోగినీ ఒక ఆడ రోగినీ 71 మంది డాక్టర్ల దగ్గరికి పంపారు. ఇద్దరూ చెప్పుకునే బాధ ఒకటే, ఎక్స్‌రేలు ఒకలాంటివే. మగ రోగికి కీలు మార్పిడి చేయించుకోమన్నవారు 67 శాతం, ఆడ రోగికి చెప్పినవారు 33 శాతం. వాళ్లేమీ ఆడవాళ్లంటే గిట్టనివాళ్లు కారు. ‘ఈవిడ సర్దుకోగలదు’ అని ఎక్కడో లోపల అనుకుంటారు, ఆ అనుకోవడం వాళ్లకే తెలియదు. నేనూ అనుకునే ఉంటాను. నొప్పి చెప్పేటప్పుడు మనమూ ‘పనులైతే చేసుకుంటున్నాను లెండి’ అని ఒక మాట చేరుస్తాం, డాక్టరు చెవికి ఆ మాటే మిగులుతుంది.

ఆలస్యం వల్ల వచ్చే నష్టం ఏ డిజైనూ పూడ్చలేనిది. కాలు వంగిపోతుంది, మోకాలు పూర్తిగా చాపలేరు, తొడ ముందు కండరం సన్నబడుతుంది. బాగా కుంగిపోయాక ఆపరేషన్‌కు వచ్చినవాళ్లు మెరుగుపడతారు గానీ, ముందే వచ్చినవాళ్లు చేరుకున్న చోటికి చాలాసార్లు చేరుకోలేరు. మీ తేదీ ఖాయమయ్యేలోగా ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లి తొడ కండరానికి వ్యాయామం మొదలుపెట్టండి. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, అంతే. చూడడానికి ఏమీ లేనట్టుంటుంది. ఆపరేషన్ మర్నాడు వాకర్ పట్టుకుని లేచేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ఇంప్లాంట్ పేరు కంటే ముందు, ఆయన దాన్ని ఎన్నాళ్లుగా వాడుతున్నారో అడగండి. చేతికి అలవాటైన ఇంప్లాంట్, పదేళ్లు దాటిన రికార్డున్న ఇంప్లాంట్, చిన్న సైజులున్న ఇంప్లాంట్: ఈ మూడూ ఒకటే అయితే ఇక ఆలోచించనక్కర్లేదు. రోబో గురించి కూడా చెబుతారు. రోబో కోతను పద్ధతిగా పెట్టిస్తుంది, ముక్క మాత్రం ఆ పెట్టెలోదే. స్కాన్ తీసి మీ ఒక్కరికే అచ్చుపోసి చేసే ఇంప్లాంట్లూ ఉన్నాయి. అంచు చక్కగా పడుతుంది, కానీ మంచి సైజులున్న మామూలు ఇంప్లాంట్ కంటే అవి మనిషిని ఎక్కువ సుఖపెడతాయనడానికి నాకు గట్టి సాక్ష్యం కనిపించలేదు.

ఇక మీ చెవుల సంగతి. గిల్టు నగల్లో ఉండే నికెల్ మీకు పడటం లేదు. ఆడవాళ్లలో ఇది ఎక్కువ కనిపించడానికి పెద్ద కారణం చెవులు కుట్టించుకోవడమే. మోకీలులో సాధారణంగా వాడే కోబాల్ట్-క్రోమ్ లోహంలో నికెల్ చాలా కొద్దిగా, ఒక శాతం లోపు ఉంటుంది. చర్మం మీద పుండ్లు పడే చాలామందికి అదే లోహం లోపల పెట్టినా ఏమీ కాదు. చర్మం మీద అతికించి చూసే ప్యాచ్ టెస్ట్ కూడా లోపలి కీలు ఎలా ఉంటుందో సరిగ్గా చెప్పలేదు. అలాగని దాచవద్దు. ముందుగానే చెబితే ఆక్సిడైజ్డ్ జిర్కోనియం అనే వేరే లోహంతో చేసిన తొడ ముక్కో, టైటానియం నైట్రైడ్ పూత ఉన్నదో తెప్పించుకునే వీలుంటుంది, మీ సైజులో అది దొరుకుతుందో లేదో కూడా చూసుకుంటారు. ఆపరేషన్‌కు ముందు నింపే ఫారంలో ‘అలర్జీలు’ అన్న గడి దగ్గర అందరూ మందుల పేర్లే రాస్తారు. మీరు అక్కడ ‘నికెల్’ అని రాసి, దాని కింద గీత గీయండి.